ఒక చేయి డాప్లర్ మీద, ఒక చేయి తల్లి నాడి మీద

కేసు షీటులో అరగంటకోసారి 140, మళ్లీ 140, మళ్లీ 140 అని వరసగా రాసి ఉంటే బిడ్డ గుండె చప్పుడు ఎవరూ సరిగా వినలేదనే అనుకోవాలి. కడుపులో బిడ్డ గుండె ఆరు గంటలపాటు ఒకే అంకె మీద నిలబడదు. బిడ్డ కదిలితే పెరుగుతుంది, నిద్రపోతే కాస్త నెమ్మదిస్తుంది, నొప్పి వచ్చినప్పుడు ఒక్కోసారి తగ్గి తేరుకుంటుంది. ఆ మార్పులు పట్టుకోవడానికే మనం వినేది. సబ్‌సెంటర్లో, పీహెచ్‌సీలో, లేబర్ రూములో ఈ పని చేసే ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు, నర్సింగ్ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాం. చివర్లో గర్భిణులకూ ఇంటివాళ్లకూ కావలసిన సంగతులున్నాయి. లేబర్ రూము గొడవ అక్కర్లేనివాళ్లు నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు.

ఏ వారంలో దేనితో వినిపిస్తుంది

ఆరో వారం ప్రాంతంలో లోపలి స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. అప్పుడు వేగం నిమిషానికి 100 నుంచి 120 దాకా ఉంటుంది. తొమ్మిది, పది వారాలకు 170 దాకా ఎక్కుతుంది. ఆ రిపోర్టు చూసి "ఇంత ఎక్కువేంటి" అని కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ వయసుకు అది మామూలే. గుండెను నెమ్మదింపజేసే నరం ఎదిగేకొద్దీ వేగం దిగుతూ వచ్చి, నెలలు నిండేసరికి 110, 160 మధ్య కుదురుకుంటుంది.

చేతి డాప్లర్‌తో, అంటే ప్రోబు అనే భాగాన్ని కడుపు మీద ఆనించి గుండె చప్పుడు వినే చిన్న యంత్రంతో, 12 వారాల తర్వాత మామూలుగా దొరుకుతుంది. సన్నటి మనిషిలో పదో వారానికే దొరకవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. డాప్లర్ ప్రోబులు 2 లేదా 3 మెగాహెర్ట్జ్‌లో వస్తాయి. 2 ఉన్నది లోతుకు వెళ్తుంది కాబట్టి నెలలు నిండినవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు మేలు. 3 ఉన్నది తొలి నెలలకు బాగుంటుంది.

మన దగ్గర ఫీటోస్కోప్ అని పిలిచే గరాటులాంటి గొట్టాన్ని ఫ్రాన్సుకు చెందిన డాక్టర్ అడోల్ఫ్ పినార్ 1895లో తెచ్చారు. దాంతో 20 వారాల నుంచి వినవచ్చు గానీ, కొత్త చెవికి 24 దాటితే తప్ప దొరకదు. దాన్ని పాతకాలపు వస్తువని మూలన పడేయకండి. ఫీటోస్కోప్‌లో మీరు వినేది నిజంగా గుండె చప్పుడే. డాప్లర్ మాత్రం లోపల కదిలే దేన్నయినా పట్టి శబ్దంగా మార్చి వినిపిస్తుంది. అది బిడ్డ గుండె కావచ్చు, తల్లి రక్తనాళం కూడా కావచ్చు. జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. బ్యాటరీ అయిపోయే బాధ ఫీటోస్కోప్‌కు లేదు, అది వేరే లాభం.

చెవి పెట్టే ముందు

ముందు మూత్రానికి పంపండి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి పక్కకు జరుగుతుంది, చేతికి అందేదీ తప్పుగా అందుతుంది. తర్వాత పడుకోబెట్టే తీరు. వెల్లకిలా చదునుగా పడుకోబెట్టి పావుగంట ఉంచితే బరువైన గర్భసంచి వెన్ను పక్కన ఉన్న పెద్ద సిరను నొక్కుతుంది, తల్లి బీపీ పడిపోతుంది, ఆ వెనకే బిడ్డ గుండె నెమ్మదిస్తుంది. అంటే సమస్యను మనమే పుట్టించి మనమే కేసు షీటులో రాసుకున్నట్టు. తల వైపు కాస్త ఎత్తి, కుడి తుంటి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టండి. కడుపు ఎడమ పక్కకు ఒరుగుతుంది.

తెర వేయండి, చేతులు వెచ్చగా ఉంచుకోండి. సెకన్ల ముల్లున్న గడియారం కంటికి ఎదురుగా ఉండాలి. సెల్‌ఫోన్ టైమర్ కూడా పనికొస్తుంది గానీ, చేతిలో పట్టుకుని చూసే వస్తువైతే వద్దు, రెండు చేతులకూ వేరే పని ఉంది.

ఇక బిడ్డ వీపు ఎటుందో చూడాలి. గుండె చప్పుడు అన్నిటికంటే బాగా వచ్చేది బిడ్డ వీపు గుండానే, ఎడమ భుజం దగ్గర. రెండు అరచేతులూ కడుపుకు రెండు పక్కలా పెట్టండి. ఒక చేయి కదలకుండా ఆనించి, రెండో దానితో మెల్లగా నొక్కండి. ఒక పక్క నున్నగా, పొడవుగా, గట్టిగా తగిలితే అది వీపు. గడ్డలు గడ్డలుగా తగిలి వేళ్ల కింద జారిపోతే కాళ్లూ చేతులూ. పై భాగంలో మెత్తగా వెడల్పుగా ఉంటే పిరుదులు. గుండ్రంగా, గట్టిగా ఉండి, తడితే అటూ ఇటూ ఊగితే తల పైన ఉంది, అంటే బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నట్టు.

తల కిందికి ఉంటే, బొడ్డు నుంచి తుంటి ఎముక ముందు మొన దాకా ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. వీపున్న పక్క ఆ గీతకు నడుమ చెవి పెట్టండి. ఎదురుకాళ్లయితే బొడ్డు పక్కన గానీ దానికి పైన గానీ దొరుకుతుంది. బిడ్డ వీపు తల్లి వెన్నెముక వైపు తిరిగి ఉంటే చప్పుడు మధ్యలో వినిపించదు, పక్క డొక్క దాకా వెళ్లాలి. అడ్డంగా ఉంటే బొడ్డు చుట్టుపక్కల వెతకండి. పదహారు వారాలలోపు అయితే ఈ లెక్కలేవీ వద్దు. పొత్తికడుపు కింద, ఎముకకు సరిగ్గా పైన, నడి మధ్యలో పెట్టి ప్రోబును కిందికి వంచండి.

నొప్పులు సాగేకొద్దీ బిడ్డ తల దిగుతుంది, దానితో చప్పుడు దొరికే చోటు కూడా కిందికి, మధ్యకు జరుగుతుంది. ఉదయం పక్కన దొరికింది మధ్యాహ్నానికి పొత్తికడుపు ఎముకకు కాస్త పైన దొరికితే కాన్పు ముందుకు నడుస్తోందని గుర్తు. ఆరు గంటలైనా అదే చోట ఉంటే, ఆ మాట డాక్టరుకు చెప్పదగిందే.

వినడం, లెక్కపెట్టడం

ఫీటోస్కోప్ అయితే వెడల్పు మూతి కడుపు మీద నిటారుగా ఆనించి, చెవిని అవతలి మూతికి గట్టిగా అదిమి, చేయి తీసేయండి. చేయి పట్టుకుని ఉంటే వేళ్ల రాపిడే వినిపిస్తుంది. బట్టలు తగలకూడదు. ముఖం తల్లి కాళ్ల వైపు ఉంచుకుంటే వంగడం సులువు. దిండు కింద పెట్టిన గడియారం టిక్కుటిక్కుమన్నట్టు దూరంగా, జంటగా వస్తుంది.

డాప్లర్ అయితే రూపాయి బిళ్లంత జెల్ చాలు. ప్రోబుకూ చర్మానికీ మధ్య గాలి ఉంటే తరంగాలు లోపలికి వెళ్లవు, జెల్ పని అంతే. జెల్ అయిపోతే ఆ పూటకు నీళ్లతో తడిపి వినవచ్చు. కొబ్బరి నూనె మాత్రం రాయకండి, ప్రోబు ముఖం పాడవుతుంది. పెట్టాక అటూ ఇటూ గబగబా జరపడం అలవాటు మానుకోవాలి. ఒక చోట ఆనించి, జరపకుండా, అక్కడే నాలుగు వైపులకూ మెల్లగా వంచి చూడండి. దొరక్కపోతేనే రెండు వేళ్ల వెడల్పు జరిపి మళ్లీ అలాగే వంచాలి. వాడాక జెల్ తుడిచేయండి. ఎండిపోయి పెచ్చుకట్టిన జెల్ తర్వాతి మనిషి దగ్గర చప్పుడును మింగేస్తుంది.

గుర్రం పరిగెత్తినట్టు టకటకమని జంటగా వచ్చేది బిడ్డ గుండె. ఈదురుగాలిలా ఊఫ్, ఊఫ్ అని నెమ్మదిగా వచ్చేది తల్లి గర్భసంచి నాళాల్లో రక్తం, దాని వేగం తల్లి నాడి వేగమే. ఈల వేసినట్టు సన్నగా, వేగంగా వచ్చేది బొడ్డుతాడు. దాని వేగం బిడ్డదే అయినా అక్కడితో ఆగకుండా గుండె చప్పుడే దొరికేదాకా వెతకండి.

ఇక అసలు మాట. డాప్లర్ పట్టుకున్నంతసేపూ రెండో చేతి వేళ్లు తల్లి మణికట్టు మీద ఉండాలి. వినిపించే దెబ్బా, వేళ్లకు తగిలే దెబ్బా ఒకే తాళంలో ఉంటే మీరు వింటున్నది తల్లిని. తల్లి నాడి 80 ఉన్నప్పుడు ఈ పొరపాటు ఎవరికైనా తెలిసిపోతుంది. జ్వరం, రక్తస్రావం, తీవ్రమైన రక్తహీనత, భయం ఉన్న తల్లికి నాడి 120, 130 కొడుతుంటుంది. డాప్లర్ తెర మీద 128 కనిపిస్తుంది. చూసినవాళ్లు "బిడ్డ బాగుంది" అని రాసేస్తారు. లోపల బిడ్డ గుండె 80కి పడిపోయి ఉండవచ్చు, అసలు ఆగిపోయి కూడా ఉండవచ్చు. అందుకే కేసు షీటులో రెండు అంకెలూ పక్కపక్కన రాయండి: బిడ్డ 138, తల్లి 88. చేయి ఖాళీ లేకపోతే తల్లి వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి పెట్టుకోండి.

తెర మీది అంకెను చూసి రాయడం కంటే చెవితో లెక్కపెట్టడం మంచిదనడానికి ఇంకో కారణం ఉంది. యంత్రం ఒక్కోసారి వేగాన్ని రెట్టింపు చేసి గానీ సగం చేసి గానీ చూపుతుంది. నిజంగా 80 కొడుతుంటే 160 అని, 210 కొడుతుంటే 105 అని చూపించవచ్చు. చెవి అలా మోసపోదు.

లెక్క నిండా ఒక నిమిషం. పావు నిమిషం విని నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క దెబ్బ తప్పిపోయినా నాలుగు తేడా వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, మిగతా 45 సెకన్లలో ఏం జరిగిందో తెలియకపోవడం. వేగంగా కొట్టేదాన్ని వరసగా 140 దాకా లెక్కపెట్టడం కష్టమనిపిస్తే ఐదు సెకన్ల ముక్కలుగా లెక్కపెట్టండి. ఐదు సెకన్లు లెక్కించాలి, ఐదు సెకన్లు ఆగి రాసుకోవాలి, మళ్లీ ఐదు సెకన్లు. ఒక ముక్కలో 9 వస్తే నిమిషానికి 108, 10 వస్తే 120, 11 వస్తే 132, 12 వస్తే 144, 13 వస్తే 156, 14 వస్తే 168. నిమిషంలో మీ కాగితం మీద 12, 12, 11, 9, 10, 12 అని పడితే, మధ్యలో గుండె పడి లేచిందని కంటికే కనిపిస్తుంది. సగటు తీసి 132 అని రాస్తే ఆ సంగతి మాయమైపోతుంది.

కవలలైతే ఇద్దరు మనుషులు, రెండు చోట్ల, ఒకే నిమిషంలో లెక్కపెట్టాలి. రెండు అంకెలకూ కనీసం 10 తేడా ఉంటే రెండు గుండెలు విన్నామని కొంత నమ్మకం. దగ్గరదగ్గరగా వస్తే ఒకే బిడ్డను రెండు చోట్ల విన్నారేమో, మళ్లీ చూడాలి.

దొరకనప్పుడు

దొరక్కపోవడానికి మామూలు కారణాలే ఎక్కువ. మాయ ముందు గోడకు అంటుకుని ఉండటం, ఉమ్మనీరు ఎక్కువ ఉండటం, పొట్ట లావుగా ఉండటం, బిడ్డ వీపు వెనక్కి తిరిగి ఉండటం, డాప్లర్‌లో బ్యాటరీ తగ్గిపోవడం. పొట్ట మడత కిందికి పడుతుంటే మడత పైకెత్తి దాని కింద పెట్టండి. తల్లిని ఎడమకు తిప్పి మళ్లీ చూడండి. చేత్తో బిడ్డ వీపును మళ్లీ వెతకండి. ఇంకో మనిషిని, ఇంకో డాప్లర్‌ను పిలవండి. ఐదు నిమిషాలకు మించి వెతుకుతూ కూర్చోకండి. నెలలు నిండిన మనిషిలో ఇంత వెతికినా దొరకలేదంటే వెంటనే స్కానింగుకు పంపాలి. బిడ్డ గుండె ఆగిపోయిందని తేల్చేది స్కానింగు ఒక్కటే. డాప్లర్‌తో, ఫీటోస్కోప్‌తో ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు.

తల్లికి ఏం చెప్పాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. మౌనంగా మొహం చిట్లించుకుంటే ఆమెకు అన్నీ అర్థమైపోతాయి. "ఏం లేదమ్మా, బాగుంది" అంటే అబద్ధం. "అమ్మా, చప్పుడు నాకు సరిగా దొరకడం లేదు. బిడ్డ తిరిగి ఉన్నా ఇలాగే అవుతుంది. స్కానింగు చేస్తే తెలిసిపోతుంది, ఇప్పుడే పంపిస్తున్నాం" అంటే చాలు.

నొప్పుల్లో ఎప్పుడు వినాలి

ఒక చేయి కడుపు పై భాగం మీద ఉంచితే నొప్పి రావడం, గట్టిపడటం, సడలడం చేతికి తెలుస్తాయి. సడలడం మొదలవగానే ప్రోబు పెట్టి, నిండా నిమిషం వినండి. నొప్పికీ నొప్పికీ మధ్య, కడుపు మెత్తగా ఉన్నప్పుడు వింటే తీరిగ్గా దొరుకుతుంది, అంకె కూడా అందంగా వస్తుంది. కానీ వినాల్సింది అప్పుడు కాదు. నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి కండ బిగిసి మాయకు రక్తం తగ్గుతుంది. ఓపికున్న బిడ్డ ఆ అర నిమిషాన్నీ దాటేస్తుంది. ఓపిక అయిపోతున్న బిడ్డకు నొప్పి గట్టిపడ్డాక గుండె తగ్గడం మొదలై, నొప్పి పోయాక కూడా కాసేపు తగ్గే ఉంటుంది. ఆ తగ్గుదల దొరికేది నొప్పి సడలిన ఆ తొలి నిమిషంలోనే. రెండు నిమిషాలు ఆగి వింటే గుండె మళ్లీ 136కి వచ్చేసి ఉంటుంది, మీరు 136 అని రాస్తారు.

చేరిన వెంటనే ఒక ఆధారం పట్టుకోవాలి. నొప్పి లేనప్పుడు, బిడ్డ కదలనప్పుడు ఒక నిమిషం విని ఆ అంకె రాసి పెట్టుకోండి. తర్వాతివన్నీ దానితో పోల్చాలి. ఉదయం 122 ఉన్న బిడ్డ 130, 138, 147, 155 అని ఎక్కుతూ పోతే ప్రతి అంకె విడిగా మామూలే, 160 దాటలేదు. కానీ ఆ ఎక్కుడు మామూలు కాదు. మొదటి అంకె నుంచి 20 పెరిగిందంటే వరసగా మూడు నొప్పుల తర్వాత విని, జ్వరం చూసి, డాక్టరుకు చెప్పాలి. కాన్పు సాగే తీరును గీసి చూపే పార్టోగ్రాఫ్ కాగితంలో చుక్కలు పెట్టి గీతతో కలపమనేది ఇందుకే. కాన్పు అయ్యాక కూర్చుని చుక్కలన్నీ ఒకేసారి నింపే పార్టోగ్రాఫ్ కాగితం దండగ.

నొప్పులు బాగా అందుకున్నాక పావుగంట నుంచి అరగంటకోసారి వినాలి. మన పార్టోగ్రాఫ్‌లో గడులు అరగంటకు ఒకటి ఉంటాయి, కానీ బీపీ ఉన్నా, ఉమ్మనీరు పచ్చగా ఉన్నా పావుగంటకే పోండి. ముక్కడం మొదలయ్యాక ఐదు నిమిషాలకోసారి. వీటికి తోడు, ఉమ్మనీరు పోయిన వెంటనే, లోపలి పరీక్ష చేశాక, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు మొదలుపెట్టినా పెంచినా, రక్తం కనిపించినా గడియారం చూడకుండా వినాలి.

ముక్కే సమయంలో ఒక ఉచ్చు ఉంది. తల్లి ముక్కినప్పుడు తల్లి గుండె వేగం పెరుగుతుంది, బిడ్డది సాధారణంగా తగ్గుతుంది. ముక్కిన ప్రతిసారీ "బిడ్డ గుండె" చక్కగా పెరుగుతూ కనిపిస్తే సంతోషించకండి. మణికట్టు పట్టి చూడండి, అది తల్లిదే అయ్యుండవచ్చు.

అంకె గీత దాటితే

అంతర్జాతీయంగా 110 నుంచి 160 దాకా మామూలు అంటారు. మన ఏఎన్‌ఎం శిక్షణ పుస్తకాల్లో, పార్టోగ్రాఫ్‌లో 120 నుంచి 160 అని ఉంటుంది. ఈ రెంటి మధ్య గొడవపడనక్కర్లేదు. 114 ఉన్న బిడ్డకు పాత రికార్డులో కూడా 115, 118 ఉండి, బాగా కదులుతూ ఉంటే అది ఆ బిడ్డ తీరు. తేదీ దాటిన బిడ్డల్లో ఇది తరచూ ఉంటుంది. నిన్న 145 ఉన్న బిడ్డ ఇవాళ 114 అయితే అది వేరే కథ.

160 దాటితే ముందు బిడ్డ కదులుతోందేమో చూడండి, కదలికతో కాసేపు పెరగడం మంచి లక్షణం. పది నిమిషాలయినా దిగకపోతే తల్లికి జ్వరం, నాడి, నోరు ఎండటం, ఉమ్మనీటి వాసన, నొప్పులు ఆపడానికి ఇచ్చిన మందులు చూడాలి. పురిటి గదిలో పొద్దుటి నుంచి నీళ్లు తాగనివ్వకుండా ఉంచిన మనిషికి ఇలా అవడం తరచూ చూసేదే.

110 కంటే తగ్గితే మొదట మణికట్టు. తల్లిది కాదని తేలాక, ఎడమ పక్కకు తిప్పండి, బీపీ చూడండి, ఆక్సిటోసిన్ ఎక్కుతుంటే ఆపండి, రింగర్ లాక్టేట్ సెలైన్ వేగంగా పోనివ్వండి, చేతొడుగు వేసుకుని బొడ్డుతాడు జారిందేమో లోపల చూడండి. పది నిమిషాల్లో ఐదు కంటే ఎక్కువ నొప్పులు వస్తున్నాయంటే అదే కారణం కావచ్చు. తల్లికి ఆక్సిజన్ మాస్కు పెట్టడం పాత అలవాటు. తల్లికి ఆక్సిజన్ తక్కువ లేనప్పుడు దానివల్ల బిడ్డకు మేలు జరగదు, మాస్కు వెతకడంలో విలువైన నిమిషాలు పోతాయి. మూడు నిమిషాల్లో తేరుకోకపోతే సాయం పిలవాల్సిందే, ఇంకో నొప్పి చూద్దామని ఆగకూడదు. పీహెచ్‌సీలో ఉండి, తల ఇంకా పైనే ఉంటే 108కి ఫోన్ చేసి, సిజేరియన్ సౌకర్యమున్న ఆసుపత్రికి ముందుగా కబురు పెట్టి, ఎడమ పక్కన పడుకోబెట్టి పంపండి, పార్టోగ్రాఫ్ కాగితం వెంట వెళ్లాలి. తల బయటికి కనిపిస్తుంటే ప్రయాణం వద్దు, అక్కడే త్వరగా కాన్పు చేయించడమే దారి.

బొడ్డుతాడు చేతికి తగిలితే ఆ చేయి బయటికి తీయకండి. వేళ్లతో బిడ్డ తలను పైకి నెట్టి పట్టుకోండి, తాడు నలగకూడదు. తాడును పదేపదే ముట్టుకోవడం, లోపలికి తోయడం చేయకండి, అది బిగుసుకుపోతుంది. తల్లిని మోకాళ్ల మీద వంచి, ఛాతీ మంచానికి ఆనేలా, నడుము ఎత్తుగా ఉంచాలి. ప్రయాణం దూరమైతే ఫోలీ కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) గుండా మూత్రాశయంలోకి 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి బిగించండి, నిండిన మూత్రాశయం తలను పైకి ఎత్తి పెడుతుంది. థియేటరులో బిడ్డను తీసే ముందు దాన్ని ఖాళీ చేయాలని చెప్పడం మరచిపోకండి.

ఎన్‌ఎస్‌టీ, సీటీజీ

సీటీజీ అంటే బిడ్డ గుండె వేగాన్నీ నొప్పులనూ కాగితం మీద గీతగా గీసే యంత్రం. నొప్పులు మొదలవకముందు దానితో చేసే పరీక్ష ఎన్‌ఎస్‌టీ. దానికి రెండు బెల్టులు. కడుపు పై భాగాన కట్టేది నొప్పులు చూసేది, దానికి జెల్ రాయకూడదు. కింద కట్టేది గుండెకు, దానికి జెల్ ఉండాలి. నొప్పి లేనప్పుడు పై దాన్ని సున్నా చేసే మీట నొక్కండి. అది కడుపు గట్టిపడటాన్ని మాత్రమే చూపుతుంది, నొప్పి ఎంత బలంగా ఉందో చెప్పదు. కాబట్టి కాగితం మీద ఎత్తయిన కొండ వచ్చిందని బలమైన నొప్పి అనుకోకండి. తల్లి చేతికి బటన్ ఇచ్చి బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమనండి. కాగితం మీద పేరు, తేదీ, గంట, తల్లి నాడి చేత్తో రాయండి. ఆ కాగితం వేడితో అచ్చయ్యేది, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. దాచాల్సినదైతే జిరాక్స్ తీయించాలి.

కాగితం వేగం చూడకుండా గీత చదవకండి. కొన్ని యంత్రాలు నిమిషానికి 1 సెంటీమీటరు, కొన్ని 3 సెంటీమీటర్లు నడుస్తాయి. 1కి అలవాటుపడ్డ కంటికి 3లో గీత సాగిపోయి చదునుగా కనిపించి అనవసరంగా భయపెడుతుంది.

32 వారాలు దాటిన బిడ్డకు 20 నిమిషాల్లో రెండుసార్లయినా వేగం 15 పెరిగి 15 సెకన్లు నిలిస్తే రియాక్టివ్ (బాగుంది) అని రాస్తారు. 32 వారాలలోపు 10 పెరిగి 10 సెకన్లు నిలిస్తే చాలు. 20 నిమిషాల్లో రాకపోతే ఇంకో 20 పొడిగించాలి, ఎందుకంటే బిడ్డ నిద్ర 20 నుంచి 40 నిమిషాలు సాగడం మామూలే. తీపి జ్యూసు తాగిస్తే బిడ్డ లేస్తుందన్నది వార్డుల్లో అలవాటుగా వస్తున్న మాట, దానికి పెద్దగా ఆధారం లేదు. అసలు గీత సన్నగా రంపపు పళ్లలా వణకాలి, ఆ వణుకు నిమిషానికి 5 నుంచి 25 దెబ్బల మధ్య ఉండాలి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిన రెండు మూడు రోజులు, మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కుతున్నప్పుడు ఆ వణుకు తగ్గవచ్చు, అందుకే ఇచ్చిన మందులు కాగితం మీద రాయాలి. అలల్లా నున్నగా, ఒకే కొలతలో ఎక్కి దిగే గీత కనిపిస్తే ఆలస్యం చేయకండి, బిడ్డకు తీవ్ర రక్తహీనత ఉండవచ్చు.

రియాక్టివ్ కాకపోవడమంటే బిడ్డ ప్రమాదంలో ఉందని తేలినట్టు కాదు, స్కానింగుతో ఇంకా చూడాలని. రియాక్టివ్ అయినంత మాత్రాన వచ్చే వారానికి హామీ కూడా కాదు. మాయ విడిపోవడాన్నీ బొడ్డుతాడు ప్రమాదాన్నీ ఏ ఎన్‌ఎస్‌టీ ముందుగా చెప్పలేదు. ఏ సమస్యా లేని తల్లికి చేరగానే సీటీజీ పెట్టడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. అలాంటివాళ్లకు మధ్యమధ్యలో సరిగా వినడమే సరిపోతుంది. రోజంతా సీటీజీ పెట్టి ఉంచితే పుట్టిన బిడ్డల్లో మూర్ఛలు తగ్గుతాయని, మరణాలు గానీ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకపోవడం) గానీ తగ్గవని, సిజేరియన్లు మాత్రం పెరుగుతాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. బీపీ, షుగరు, బిడ్డ ఎదుగుదల లోపం, పాత సిజేరియన్, పచ్చటి ఉమ్మనీరు, ఆక్సిటోసిన్ ఉన్నచోట సీటీజీ నిజంగా అక్కరకొస్తుంది.

ఇంట్లో ఉన్నవాళ్లకు

ఆన్‌లైన్‌లో డాప్లర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. పైన తల్లి నాడి గురించి రాసిందంతా దానికి కారణం. శిక్షణ ఉన్న నర్సే పొరబడే చోట, కడుపు మీద పెట్టగానే ఏదో టకటకమంటుంది, "హమ్మయ్య" అని పడుకుంటారు. కదలికలు తగ్గిన రోజు ఆ హమ్మయ్యే ప్రమాదం. సెల్‌ఫోన్ మైకుతో వినిపిస్తామనే యాప్‌లనైతే అసలు లెక్కలోకే తీసుకోకండి.

ఖర్చు లేని మంచి పద్ధతి కదలికలు చూసుకోవడం. తొలిచూలుకు 18 నుంచి 20 వారాల మధ్య, మలిచూలుకు ఇంకొంచెం ముందే కదలిక తెలుస్తుంది. 28 వారాలు దాటాక రోజూ ఒకే వేళకు, రాత్రి భోంచేశాక అనుకుందాం, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, టీవీ, ఫోను పక్కన పెట్టి లెక్కపెట్టండి. తన్నినా, దొర్లినా, నెట్టినా ఒకటే లెక్క, ఎక్కిళ్లు మాత్రం లెక్కలోకి రావు. రెండు గంటల్లో పది రావాలి. చాలామందికి అంతకంటే ఎంతో ముందే పది పూర్తవుతాయి. మీ బిడ్డకు రోజూ అరగంటలో అయ్యేది ఇవాళ గంటన్నర పట్టిందంటే, పది వచ్చినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. పక్కింటావిడ బిడ్డతో పోలిక పనికిరాదు.

"నెలలు నిండాయి కదా, చోటు చాలక కదలడం లేదులే" అని పెద్దవాళ్లు అంటారు. అది నిజం కాదు. చివరి వారాల్లో తన్నే తీరు మారి దొర్లడం ఎక్కువ కావచ్చు గానీ, కదలికలు తగ్గకూడదు. తగ్గితే ఆ రాత్రే వెళ్లాలి, తెల్లారాక కాదు.

140 దాటితే ఆడపిల్ల, తగ్గితే మగపిల్లాడు అన్న లెక్క పచ్చి అబద్ధం. ఒకే బిడ్డ గుండె ఒకే గంటలో 125, 155 రెండూ కొడుతుంది. ఆ అంకె చెప్పి ఆడో మగో ఊహించమని నర్సమ్మను వేధించకండి. పుట్టకముందే అది తేల్చడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి. ఆ రోజు గుండె చప్పుడు విన్నాక అంకెను మాతా శిశు సంరక్షణ కార్డులో రాయమని అడగండి, అడిగితే తప్పేమీ లేదు. కదలిక తగ్గిందని ఎప్పుడు బయల్దేరినా ఆ కార్డు, పాత స్కానింగులు, పాత ఎన్‌ఎస్‌టీ కాగితాలు సంచిలో పెట్టుకోండి. బిడ్డ చివరిసారి గట్టిగా కదిలింది ఎన్నింటికో గుర్తు చేసుకుని, ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట ఆ మాటే చెప్పండి.